బొగ్గు గీతలు, కుంకుమ బొట్లు

గాజు గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు వింటే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. మొన్న ఎండ మండిపోతున్న మధ్యాహ్నం నా మనవరాలు వసంత వంటింట్లో నిలబడి మజ్జిగలో ఉప్పు కలుపుతోంది. ఉప్పు అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా కలపడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గ్లాసు అంచుకు చెంచా తగిలి టింగు టింగుమంటోంది. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న నేను చేయి ఆపి విన్నాను. ఆ చప్పుడు మా ఇంట్లో పుట్టింది కాదు. హిందూపురంలో రైలు దిగి బజారుకు పోయే దారిలో ఒక మందుల అంగడి ఉండేది. దాని వెనక గదిలో సుగుణమ్మ గాజు కడ్డీతో మందునీళ్లు కలిపేటప్పుడు వచ్చే చప్పుడు అది.

సుగుణమ్మను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఎక్కడో ఒక ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై, తమ్ముడి మందుల అంగట్లో వెనక గది తనదిగా చేసుకుని కూర్చుంది. ఆదివారం చర్చికి పోయే పూట తప్ప ఆ గది మూసి ఉండగా నేను చూడలేదు. ఆ గదిలో ఒక ఇత్తడి తక్కెడ, గీతలున్న గాజు గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్ల కుండ ఉండేవి. ఏ పొడినైనా ఆమె రెండుసార్లు తూచేది. మొదటిసారి ముల్లు సరిగ్గా నిలబడినా, పొడి తీసి, తక్కెడ తుడిచి, మళ్లీ తూచేది. ఈ చాదస్తం చూసి మొదట్లో నాకు ఒళ్లు మండేది. మూడో తరగతితో బడి మానేసిన దాన్నైనా, ఒకసారి తూచిన పప్పును మళ్లీ తూచమని ఏ శెట్టినీ నేను అడిగి ఎరుగను.

ఆమె దగ్గరికి నేను ఎందుకు పోవలసి వచ్చిందో చెబుతాను. నా కూతురు రత్నమ్మను ధర్మవరం ఇచ్చాము. అల్లుడిది మగ్గం పని. మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టేటప్పుడే లేచేవాళ్లు. వాళ్ల మొదటి బిడ్డ వసంత. నడక వచ్చిన ఏడాదికే దాని కాళ్లు విల్లులా బయటికి వంగాయి. చంకనెత్తుకుని తిప్పడం వల్ల వంగాయని అన్నారు. గ్రహణం అన్నారు. రత్నమ్మ కాళ్లు కూడా చిన్నప్పుడు రవంత వంకరే, మనిషి కూడా పొట్టిగానే మిగిలింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. అలా మూడేళ్లు పోయాక బెంగుళూరు పెద్దాసుపత్రిలో రక్తాలు తీసి చూసి, ఈ బిడ్డ ఒంట్లో భాస్వరం నిలవడం లేదు, మూత్రంలో పోతోంది, అందుకే ఎముకలు మెత్తబడుతున్నాయి అన్నారు. పెరిగేదాకా మందులు తప్పవన్నారు. మందులు రెండు. భాస్వరపు ఉప్పు కలిపిన నీళ్లు రోజుకు ఐదుసార్లు, చిన్న మెత్తటి మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మగ్గం ముందు కూర్చునేవాళ్లు రోజుకు ఐదుసార్లు లేవలేరు. 'అమ్మా, నువ్వైతే గడియారం మాదిరి ఇస్తావు' అని రత్నమ్మ బిడ్డను పెనుకొండకు, నా దగ్గరికి తెచ్చి వదిలింది.

ఆ నీళ్లు అంగళ్లలో తయారుగా దొరికేవి కావు. చీటీ చూసి కలిపి ఇచ్చేవాళ్లు కావాలి. అడగగా అడగగా హిందూపురంలో సుగుణమ్మ పేరు చెప్పారు. నేను రెండు ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని ప్యాసింజరు ఎక్కి పోయాను. కొత్త సీసాలకు దుడ్లు దండగ కదా. ఆమె సీసాలను ఎండకు పట్టి చూసింది.

"దీంట్లో ఏం పోసుంటివమ్మా? ఆముదమా?"

"కడిగినాను కదా. మూడుసార్లు కడిగినా."

"నువ్వు కడిగినావు గానీ ఆముదం పోలేదు. నువ్వు దాన్ని వదిలినా అది నిన్ను వదల్లేదు."

వేడినీళ్లతో తనే కడిగింది. పొడులు తూచి, మళ్లీ తూచి, నీళ్లలో వేసి, గాజు కడ్డీతో టింగు టింగుమని చాలాసేపు కలిపింది. తరువాత ఒక చెంచాడు నా ముందు పెట్టింది.

"తాగు."

"నాకెందుకు? జబ్బు పాపకు గదా."

"రోజుకు ఐదుసార్లు ఆ బిడ్డ నోట్లో పోసేది నువ్వే. ఎట్లుంటాదో నీకు తెలియల్లనా వద్దా?"

తాగాను. ఉప్పూ పులుపూ చేదూ కలిసి నాలుక ముడుచుకుపోయింది. నా మొహం చూసి ఆమె నవ్వింది. "ఇంక పాప ఏడిస్తే కొట్టబాకు" అంది. ఆ ఒక్క చెంచా వల్ల నా చేతి దెబ్బలు ఎన్ని తప్పాయో వసంతకు తెలియదు. అదే రోజు మందు కొలిచే పద్ధతి కూడా నేర్పింది. గ్లాసును పైనుంచి చూడకూడదట. కింద పెట్టి, మనమే వంగి, కన్ను గీతకు సరిగ్గా తెచ్చి చూడాలట. "పైనుంచి చూస్తే మనకు కావలసినంత కనబడతాది. ఉండేదెంతో కనబడల్లంటే వంగల్ల" అంది. నడుం నొప్పి మనిషిని, మనసులో తిట్టుకుంటూనే వంగాను.

మందులు ఇచ్చిన గుర్తుకు నేను వంటింటి గోడను పుస్తకం చేసుకున్నాను. పాలు పోసే ఆమె మా వాకిలి పక్కన గీతలు గీసి పోయేది. ఆ పద్ధతే. నీళ్లు పోసినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత, మాత్ర వేసినప్పుడల్లా కుంకుమతో ఒక బొట్టు. నెలకొక వరుస. ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టించినా ఆ గోడను ముట్టనిచ్చేదాన్ని కాదు. మొదటి రెండేళ్ల వరుసల్లో గీతలూ బొట్లూ లెక్క తప్పకుండా ఉండేవి. వసంత కాళ్లు మెల్లగా నిటారుకు వస్తున్నాయి. బడికి నడిచి పోతోంది. నాకు గర్వంగా ఉండేది.

ఆ గర్వంలోనే నా బుద్ధి గడ్డి తిన్నది. నేను ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషినని మా వీధిలో అంటారు. అది అబద్ధమేమీ కాదు. ఆ మాత్ర జొన్నగింజకు రవంత పెద్ద, దానికి అంత ధర. అల్లుడు ధర్మవరంలో కొని నెలనెలా ఎవరో ఒకరి చేత రైలుకు పంపేవాడు. ఆ మాత్ర కొన్న నెల వాళ్ల ఇంట్లో నూనె తగ్గేదని నాకు తెలుసు. ఎముకలకు బలం పోసేది భాస్వరం నీళ్లు కదా, మాత్ర ఏదో తోడు మందు కదా అనుకున్నాను. పూటకొకటి రోజుకొకటి అయింది. తరువాత రోజు మార్చి రోజు. ఆపైన వారానికి రెండు. మిగిలిన మాత్రలు పట్టీలు పట్టీలుగా రాగి పిండి డబ్బా అడుగున దాచి, 'ఇంకా ఉండాయి, ఇప్పుడే కొనొద్దు' అని కబురు పంపేదాన్ని. అయినా అల్లుడు పంపుతూనే ఉండేవాడు. మాత్ర తగ్గించిన దోషం పోవాలని నీళ్లు మాత్రం ఒక చెంచా ఎక్కువే పోసేదాన్ని. గోడ మీద గీతలు దట్టమయ్యాయి. బొట్లు పలచబడ్డాయి. ఇలా నాలుగేళ్లు గడిచాయి. పెద్దాసుపత్రిలో అడిగినప్పుడల్లా 'అన్నీ ఇస్తాండా సార్' అనేదాన్ని.

వసంతకు పన్నెండో ఏడు వచ్చింది. మెట్లెక్కితే తొడలు పీకుతున్నాయనేది. బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా పడుకునేది. కడుపునొప్పి, దాహం. రత్నమ్మా నేనూ బెంగుళూరుకు తీసుకుపోయాము. రక్తం తీశారు, గొంతుకు స్కానింగు చేశారు. డాక్టరు కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ తిరగేశాడు. భాస్వరం నీళ్లు ఏళ్ల తరబడి వాడితే ఒక్కోసారి ఇలా అవుతుందని చెప్పాడు. గొంతులో నాలుగు చిన్న గ్రంథులుంటాయట, అవి పెరిగాయట, అవసరానికి మించి పని చేస్తున్నాయట. రక్తంలో సున్నం, అదే కాల్షియం కూడా ఉండవలసిన దానికి అంచున నిలబడి ఉందట.

"అమ్మా, మాత్రలు ఒక్కరోజు కూడా తప్పకుండా ఇచ్చారా?" అని నన్నే అడిగాడు.

పక్కన రత్నమ్మ ఉంది. "ఇచ్చినా సార్" అన్నాను.

"మాత్రలు సరిగ్గా వేసినా ఇవి లొంగలేదంటే, మాట వినే దశ దాటిపోయినట్టే. గొంతు దగ్గర కోసి వాటిని తీసేయాలి" అన్నాడు. మూడు వారాల తరువాతకు రోజు పెట్టాడు. రత్నమ్మ తన మెడనే తడుముకుంది.  వసంత రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ నెల నేను సీసాలకు హిందూపురం పోలేదు. పోయే మొహం లేదు. పది రోజులు చూసి సుగుణమ్మే పెనుకొండకు వచ్చింది. కొండ కింద మా వీధి ఎత్తులో ఉంటుంది. ఆయాసపడుతూ, చేతిలో రెండు సీసాలతో వాకిట్లో నిలబడింది.

"ఏమమ్మా ఓబుళమ్మా, సీసాల మనిషి యాడికి పోయిందని చూస్తాండా. బాగుండావా?"

గొంతు ఆపరేషను మాట చెప్పాను. ఆమె మొహం మారింది. నీళ్లు ఇద్దామని వంటింట్లోకి పోతే నా వెనకే వచ్చింది. వచ్చి గోడ ముందు నిలబడిపోయింది.

"ఇదేంది?"

"మందుల గుర్తులు అక్కా. గీత నీళ్లు, బొట్టు మాత్ర."

అది చెప్పిన తరువాత కానీ ఏం చెప్పానో నాకు తట్టలేదు. ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. వంగి, కన్ను ఒక్కో వరుసకు సరిగ్గా తెచ్చి, పై నుంచి కిందిదాకా చదివింది. మా వీధిలో ఒకరు దోసెలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. 

"డాక్టరుకు ఏం చెప్పినావు?"

"అన్నీ ఇచ్చినానని."

"గోడకు మాత్రం నిజం చెప్పినావే!"

నేను పీట మీద కూలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"విను. నీ వాకిట్లో కాపలా కుక్క ఉండాదనుకో. ఆ గ్రంథులు అట్లాంటివి. ఒంట్లో సున్నం తగ్గకుండా చూసుకునే కాపలా. నువ్వు భాస్వరం నీళ్లు పోసినప్పుడల్లా రక్తంలో సున్నం రవంత దిగుతాది, కుక్క లేసి అరుస్తాది. ఆ మాత్ర ఉండాదే, అది కుక్కను నిమిరి పండుకోబెట్టే చేయి. నువ్వు రోజుకు ఐదుసార్లు రాయేసి లేపినావు. నిమిరే చేతిని వారానికి రెండుసార్లు పంపినావు. ఇప్పుడది ఎవరూ రాకున్నా అరుస్తాంది. ఇంట్లోవాళ్లనే కరుస్తాంది. ఎముకల్లో సున్నం పీకి రక్తంలో పోస్తాంది."

"నేనే చేసినానా అక్కా?"

"నువ్వు చేసింది కొంత, నీళ్లు చేసింది కొంత. సరిగ్గా వాడినా కొంతమందికి వస్తాది. ఎంత నీదో చెప్పేది నేను కాదు." గోడ వైపు చేయి చూపించింది. "డాక్టరు ఏమన్నాడు? మాత్రలేసినా లొంగలేదు కాబట్టి కోయల్లన్నాడు. వెయ్యలేదని తెలిస్తే, ముందు వేసి చూద్దామంటాడేమో. చూద్దామనేంత దారి ఉండాదో లేదో నాకు తెలీదు. కానీ నువ్వు నోరు తెరవకుంటే ఆ దారి ఉన్నా మూసుకుపోతాది."

"రత్నమ్మకు తెలిస్తే నా మొహం చూడదు."

"చూడకపోనీ. బిడ్డ గొంతు పెద్దదా, నీ మొహం పెద్దదా?"

ఆమె ఒక నోటు పుస్తకం తెప్పించుకుని గోడంతా నెలనెలా ఎక్కించింది. నేను చదువుతుంటే ఆమె రాసింది. ఆపైన రాగి పిండి డబ్బా తెమ్మని, పట్టీలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. గడువు దాటినవి ఒక పక్క వేసింది. ఆ పక్కే పెద్ద కుప్ప అయింది. మిగిల్చానని సంబరపడిన సొత్తంతా చెత్తబుట్టలోకి పోయింది. నా కళ్ల ముందే.

రత్నమ్మా వసంతా నేనూ బెంగుళూరుకు బయలుదేరితే ఆమె కూడా వచ్చింది. రైలు హిందూపురం దాటిన తరువాత, ఎవరూ అడగకుండానే తన సంగతి ఒకటి చెప్పింది. కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక పసిబిడ్డకు పొడి తూచడంలో తప్పు చేసిందట. పొట్లం పోయిన గంటకు అనుమానం వచ్చిందట. 'గమ్మునుంటే ఎవరికీ తెలియదు' అని పక్కావిడ చెప్పినా, పరుగెత్తిపోయి డాక్టరు ముందు నిలబడి చెప్పిందట. బిడ్డ దక్కింది, తన ఉద్యోగం మాత్రం దక్కదేమోనని నెలరోజులు నిద్రపోలేదట.

"అందుకేనా అక్కా, అన్నీ రెండుసార్లు తూచేది?"

"మరి? చాదస్తమనుకుంటివా?"

"అనుకుంటి" అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. నిద్రపోతున్న వసంత ఉలిక్కిపడి లేచింది.

డాక్టరు గదిలో నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "సార్, పోయినసారి అబద్ధం చెప్పినా. మాత్రలు వెయ్యలేదు. మిగిల్చినా. నీళ్లు మాత్రం ఎక్కువ పోసినా." నోటు పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పుతున్నంతసేపూ నేను రత్నమ్మ వైపు చూడలేదు. చివరికి ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

"ఈ మాట ముందే..." అని ఆగిపోయాడు. "సరే, ఇప్పుడైనా చెప్పారు. ఆపరేషను ఆపుదాం. నీళ్లు తగ్గిస్తాను, మాత్రలు పూర్తిగా వెయ్యండి. నెలనెలా రక్తం చూద్దాం. గ్రంథులు దిగొస్తే సరే. రాకపోతే మాత్రం కత్తి తప్పదు, అది కూడా చెబుతున్నాను." మూత్రపిండాలలో సున్నం పేరుకుందేమోనని అప్పటికప్పుడు స్కానింగు చేయించాడు. పేరుకోలేదు.

బయట బల్ల మీద రత్నమ్మ వసంతను దగ్గరికి లాక్కుని కూర్చుంది. తరువాత నెమ్మదిగా అంది. "నేను మగ్గం దిగకుండా నేసింది ఆ మాత్రలకే కదమ్మా. మిగిల్చి ఎవరికి పెట్టాలనుకున్నావు?"   బిడ్డను నాతోనే పెనుకొండకు పంపుతుందా లేదా అని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు, రత్నమ్మ బిడ్డ సంచి తీసి నా చేతికిచ్చి, తను ధర్మవరానికి పోయింది. 'బొట్లు తప్పితే వచ్చి తోలుకుపోతా' అని మాత్రం కిటికీలోంచి అంది.

ఆ తరువాత నెలల్లో గోడ రంగు మారింది. కుంకుమ బొట్లు పూటపూటకూ పడ్డాయి. "అవ్వా, నీ గోడ పెండ్లికూతురు మాదిరి ఉండాదే" అని వసంత ఎగతాళి చేసేది. అలా అనడానికి దానికి ఓపిక వచ్చిందంటేనే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. మొదటి నెల రక్తంలో ఆ గ్రంథుల అంకె కదల్లేదు. రెండో నెల రవంత దిగింది. మూడో నెల మళ్లీ పైకి పోయింది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఆరు నెలలు దాటాక వచ్చిన కాగితం తీసుకుని నేరుగా సుగుణమ్మ దగ్గరికి పోయాను. ఇంగ్లీషు అంకెలు నేను చదవగలను, మాటలు చదవలేను. ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచి, వంగి, కన్ను దగ్గరగా తెచ్చి చదివింది. తక్కెడ తుడిచినట్టు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.

"చెప్పక్కా."

"ఆగు. రెండుసార్లు చూడకుండా నేనేదీ చెప్పను." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "కుక్క పండుకున్యాది. డాక్టరు కూడా రాసినాడు, కత్తి అవసరం లేదని. మాత్ర మాత్రం మానొద్దు."

అంగడి మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. ఎవరి అంగడి మెట్టు మీదా కూర్చోని మనిషిని. ఏడుపు రాలేదు. ఒళ్లంతా తేలికై, దాహం వేసింది. సుగుణమ్మ కుండలో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లంత తియ్యగా ఏ నీళ్లూ నేను తాగలేదు. రైలు టిక్కెట్టుకు మాత్రం ఉంచుకుని, చేతిలో ఉన్నదంతా పెట్టి మిఠాయి కొన్నాను. సగం ఆమె బల్ల మీద పెడితే ఆమె నమ్మలేనట్టు చూసి, "ఓబుళమ్మ కొనింది! దీన్ని తినకూడదు, అద్దాల బీరువాలో పెట్టల్ల" అంది.

సుగుణమ్మ పోయి కొన్నేళ్లయింది. గీతలున్న గాజు గ్లాసు నాకిమ్మని చెప్పి పోయిందట, వాళ్ల తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. వసంత ఎదుగుదల ఆగాక డాక్టరు నీళ్లు మాన్పించాడు. పొట్టిగానే ఉంది, పళ్లు బాగాలేవు, వానాకాలంలో మోకాళ్లు నొప్పులంటుంది. కానీ తన కాళ్ల మీద తాను నడిచి, ఊళ్లోనే ఒక బడిలో పంతులమ్మగా పనికి పోతోంది. దాని గొంతు మీద గీత లేదు. మెడ వంచి జడ వేసుకుంటున్నప్పుడు నేను ఆ గొంతునే చూస్తుంటాను. అదెందుకో దానికి తెలుసు, అడగదు.

మొన్న మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతికిస్తూ వసంత మామూలుగా అడిగింది. "అవ్వా, బీపీ మాత్ర వేసుకున్యావా?"

ముందటి రెండు రోజుల మాత్రలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. తల తిరగడం లేదు కదా, వారానికి రెండు చాలవా అని మళ్లీ అదే బుద్ధి. వేసుకున్నాననే మాట నాలుక చివరికి వచ్చింది. చింతపండు పళ్లెం పక్కన పెట్టాను.

"లేదు" అన్నాను. "రెండు రోజులుగా వేసుకోలేదు. పోపుల డబ్బాలో ఉండాయి, తీసుకురా."